జ్వరం గుంజిన ఉల్లిగడ్డ

ఆషాఢం

మా ఇంటి కుక్క కర్రిగాడి మీద ఆ జ్వరంలో నాకు మొదట పుట్టింది ప్రేమ కాదు, కుళ్ళు. నేను నులక మంచంలో పడి బార్లీ నీళ్ళు తాగుతుంటే, వాడు నా కళ్ళముందే, గడప అవతల కూర్చుని, నూనెలో వేయించిన ఉల్లిగడ్డ ముద్ద తినేవాడు. తిని మూతి నాక్కునేవాడు. ఆ వాసనకు నా పేగులు అరిచేవి. ఇప్పుడు లేచి తిరుగుతున్నాను, నా జొన్న గట్క నేనే కలుపుకుని తింటున్నాను కాబట్టి ఈ సంగతంతా రాయడానికి కూర్చున్నాను. జ్వరంలో ఉన్నవాళ్ళకు కాస్త ధైర్యం వస్తుందని కొంత, ఇంట్లో కుక్కను సాకే ఆడవాళ్ళకు ఒక మాట చెప్పాలని కొంత. నా మనసు కుదుటపడడానికి అనుకున్నా తప్పు లేదు.

మాది మేడ్చల్. స్టేషనుకు పోయే దారిలో మా ఆయన బట్టలు కుడతాడు. ముందు వసారాలో మిషను, వెనక రెండర్రలు, ఆ వెనక పెరడు. ఇంట్లో ఉండేది ముగ్గురం: ఆయన, నేను, మా అత్తమ్మ రాజవ్వ. పేరుకే అత్త. ఆమె మా నాయినకు అక్క. నేను పాకే వయసులో మా అమ్మ ఇలాంటి జ్వరంతోనే పోతే, నన్ను చంకనేసుకుని తన ఇంటికి తెచ్చుకుంది. పెంచి పెద్దచేసి తన కొడుక్కే చేసుకుంది. అందుకే మా ఇద్దరి కొట్లాటలు అత్తాకోడళ్ళ కొట్లాటల్లా ఉండవు. తల్లీబిడ్డలు కొట్లాడుకున్నట్టు, వాడకంతా వినిపించేటట్టు కొట్లాడుకుంటాం, పొద్దుగూకేసరికి మరిచిపోతాం.

నాలుగో ప్రాణం కర్రిగాడు. నిలువెల్లా నలుపు, ఎక్కడా తెల్లచుక్క లేదు. ఒక వానాకాలం కాలువ పక్కన కుయ్యికుయ్యిమంటుంటే అత్తమ్మే కొంగులో మూటగట్టుకుని తెచ్చింది. మిషను కింద, గుడ్డపీలికల కుప్పలో పడుకుని పెరిగాడు. అత్తమ్మ తిన్నాకనే వాడు తినేవాడు. ఆమె తినే గట్కలోంచి ఒక ముద్ద, ఆమె తాగే సల్లలోంచి ఒక గుక్క, అది వాడి వంతు.

జ్వరం ఆషాఢంలో పట్టుకుంది. ముందు తలనొప్పి, తర్వాత ఒళ్ళంతా కొట్టినట్టు నొప్పులు, ఆ తర్వాత నాకు పొద్దు గుర్తులేదు, మాపు గుర్తులేదు. మా ఆయన నన్ను ఎత్తుకుని దవాఖానకు తీసుకుపోయాడట. దవాఖాన వసారా మాత్రం గుర్తుంది. బండల మీద చెంప ఆనిస్తే చల్లగా ఉండింది. చుట్టూ దగ్గులు, పిల్లల ఏడుపులు, ఫినాయిలు వాసన. ఎవరో ముసలామె, ఏ ఊరామెనో కూడా తెలియదు, తన వంతు వచ్చినా లేవకుండా నా తల ఒళ్ళో పెట్టుకుని కొంగుతో విసురుతూ కూర్చుంది. మమ్మల్ని ముందు పంపింది. ఆమె ముఖం నాకు గుర్తులేదు, ఆ కొంగుకున్న పొగ వాసన గుర్తుంది.

డాక్టరు మియాదీ బుఖార్ అన్నాడు. అంటే గడువు జ్వరం. దాని గడువు అది తీరితే గానీ పోదు. పేగులు పుండుపడి ఉంటాయి కాబట్టి గట్టి తిండి ఒక్క మెతుకు కూడా ముట్టొద్దన్నాడు. బార్లీ నీళ్ళు, సగ్గుబియ్యం జావ, అంతే. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టే జ్వరమిది, జాగ్రత్త అని కూడా అన్నాడు. ఆ చివరి మాట అత్తమ్మ చెవిలో పడింది, పడి అక్కడే ఉండిపోయింది.

ఆమెకు నా ముఖంలో మా అమ్మ ముఖం కనిపించిందని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు తెలియలేదు. గండిమైసమ్మకు మొక్కుకుంది. మా వీధిలోనే ఉండే ఖాసింబీ, దర్గా నుంచి తాయెత్తు తెచ్చి ఇస్తే, దాన్నీ నా చేతికి కట్టించింది. అది చాలదని గుండ్లపోచంపల్లి నుంచి దిష్టీ గాలీ చూసే ఆమెను పిలిపించింది. చూసే ఆమె నా కనురెప్పలు ఎత్తి చూసి, దిష్టి తగిలిందని తేల్చింది. తగిలే ఉంటుంది మరి! బౌరంపేటలో పెండ్లికి మా ఆయన కుట్టిచ్చిన మఖ్మల్ రవిక తొడుక్కుని పోయాను. లడాయి రోజుల్లో, యుద్ధం వల్ల మామూలు గుడ్డకే కటకటగా ఉంటే, మఖ్మల్ ఎక్కడిదని ఆడవాళ్ళంతా కళ్ళప్పగించి చూశారు. పాత షేర్వానీ లోపలి అంచు తీసి కుట్టాడని నేను ఎవరికీ చెప్పలేదు.

చూసే ఆమె చెప్పిన పద్ధతి ఇది. రోజూ దీపాలవేళ ఒక ఉల్లిగడ్డ కోసి, ఆ ముక్కలతో నా అరికాళ్ళు, అరచేతులు రుద్దాలి. ఉల్లిగడ్డ ఒంట్లోని వేడి గుంజుతుంది. ఆ గుంజిన ఉల్లిగడ్డను అన్నంలో కలిపి పసుపేసి ముద్దచేసి, నాకు దిగదుడిచి, మచ్చలేని నల్లకుక్కకు వెయ్యాలి. కుక్క ఒక్క మెతుకు కూడా మిగల్చొద్దు. మిగిలితే మిగిలినంత జ్వరం మనిషిలోనే ఉంటుంది.

మచ్చలేని నల్లకుక్క ఎక్కడ దొరుకుతుందని ఊరంతా వెతుక్కోవాలి మామూలుగా. మాకేమో మిషను కిందనే ఉన్నాడు. అత్తమ్మ ఆ రోజు కర్రిగాడి తల నిమిరి, నిన్ను ఆ దేవుడే నా కొంగులో వేశాడని అన్నది.

శ్రావణం

మొదటి సాయంత్రం కర్రిగాడు ముద్దను వాసన చూసి తుమ్మి అవతలికి పోయాడు. పచ్చి ఉల్లిగడ్డ మరి. అత్తమ్మ ముఖం పాలిపోయింది. మరునాడు ఆమె తెలివి చూపించింది. నన్ను రుద్దిన ముక్కల్ని సన్నగా తరిగి, గంటెడు పల్లి నూనెలో ఎర్రగా వేయించి, వేడి అన్నంలో కలిపింది. ఇక చూడాలి వాణ్ణి! ముద్ద నేలకు తగలకముందే అందుకున్నాడు. నేలను కూడా నాకాడు. అత్తమ్మ దండం పెట్టుకుంది.

మా అత్తమ్మ వంటకు వాడలో పేరుంది. ఆ చెయ్యి నా జ్వరానికి అడ్డం పడింది. రోజూ ఆ ముద్ద రుచిగా ఉండాలి, కుక్క వదలకుండా తినాలి. ఒకరోజు ఎల్లిగడ్డ, అంటే వెల్లుల్లి, రెక్కలు దంచి వేసింది. ఒకరోజు కాస్త నెయ్యి వేసింది. నా జ్వరం పెరిగిన సాయంత్రం ఒక ఉల్లిగడ్డకు బదులు పెద్దవి రెండు కోసింది. ఆమె భయం ఎంతుంటే ముద్ద అంత. బియ్యం దొరకడమే కష్టమైన రోజుల్లో, తాను జొన్న గట్క తింటూ, ఆ గుప్పెడు బియ్యం కుక్క ముద్దకోసం దాచింది.

నేను మంచంలోంచి అంతా చూస్తుండేదాన్ని. చేసేందుకు ఇంకేం పని! జుట్టు దువ్వితే కుచ్చులు కుచ్చులుగా ఊడింది. నాలుక పిడచగట్టింది. మా ఆయన మిషను తొక్కుతుంటే ఆ చప్పుడు నా తలలోనే కుట్టినట్టుండేది. పాపం, నాకోసం మిషను ఎత్తుకుని ఖాసింబీ వాళ్ళ పంచలో పెట్టుకున్నాడు. సాయంత్రం మాత్రం ఆ వాసన వచ్చేది. ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క పెట్టమని అత్తమ్మను ఎంత బతిమాలానో. ఒకసారి ఏడ్చాను కూడా. నీకెందుకే అది, నీ జ్వరమంత దాంట్లనే ఉన్నదని కసిరింది. ఇంట్లో కుక్కకున్న విలువ కోడలికి లేదని నేను అన్నాను. ఆమె నవ్వలేదు. నా అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది.

శ్రావణం చివర జ్వరం దిగింది. ఒక పొద్దున దుప్పటి చెమటతో తడిసిపోయింది, తల తేలికైంది, కాకి అరుపు కాకి అరుపులాగే వినపడింది. డాక్టరు గడువు తీరిందన్నాడు. అత్తమ్మ మాత్రం కర్రిగాడు గుంజుకున్నాడన్నది. దిష్టి తియ్యడం ఆపలేదు. తిరగబెట్టే జ్వరం కదా.

భాద్రపదం

నేను మంచంలో కూర్చునే రోజులొచ్చాయి. ముందు అన్నంగంజి, తర్వాత డబల్ రొట్టె పాలలో నానబెట్టి, తర్వాత మెత్తటి అన్నంలో సల్ల. ఒక్కో తిండి మొదలుపెట్టడం, అది ఒంటికి పట్టిందా లేదా చూడడం, తర్వాత ఇంకొకటి. అత్తమ్మ నా మీద పెట్టిన కన్ను తీసేది కాదు.

నేను లేస్తుంటే కర్రిగాడు పడిపోతున్నాడు. మొదట కనిపెట్టింది నేనే. వీధిలో బండి పోతే తల ఎత్తేవాడు గానీ లేచేవాడు కాదు. మునుపు మిషను ఉన్న చోటుకు రెండడుగులు వేసి రొప్పేవాడు. గట్క ముట్టడం మానేశాడు. ఒక పొద్దున పెరట్లో ఉచ్చ పోస్తే చూశాను, కాచిన డికాక్షన్ రంగులో ఉంది. దగ్గరికి పిలిచి పెదవి పైకెత్తితే, ఎర్రగా ఉండాల్సిన చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి. సాయంత్రం ఆ వేపుడు ముద్ద మాత్రం, మెల్లగానైనా, తింటూనే ఉన్నాడు.

వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి నన్ను చూసి, వాణ్ణి చూసి, ఒకటే మాట అన్నారు. పిల్ల జ్వరం కుక్క తీసుకుంది, అదృష్టం. దాని దారిన దాన్ని పోనీయండి. అంత పెద్ద రోగం తీసుకున్న ప్రాణానికి మందు మాకు చేస్తే, అది బతికితే, ఆ రోగం వచ్చిన దారినే తిరిగి వస్తుందట. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. నేను పడుకున్నన్నాళ్ళూ మా ఇంటికి నీళ్ళు మోసింది వాళ్ళే.

ఆ రోజు నుంచి అత్తమ్మ కర్రిగాడి ముఖం చూడడం మానేసింది. వాడు తోక ఆడిస్తే పక్కకు తిరిగి పోయేది. ముద్ద వేసేటప్పుడు కూడా గోడవైపు చూస్తూ వేసేది. కుక్కను పశువుల దవాఖానకు తీసుకుపోతానని మా ఆయన అంటే, ముట్టుకుంటే తన మీద ఒట్టేనని గట్టిగా అరిచింది. ఆయన తల్లికి ఎదురు చెప్పని మనిషి. ఆ పూట మాత్రం అన్నం ముందునుంచి లేచిపోయాడు. ఇంట్లో ముగ్గురం మూడు మూలల్లో కూర్చున్నాం. ఇంత జ్వరంలోనూ మా ఇల్లు అంత చప్పుడు లేకుండా ఎప్పుడూ లేదు.

ఆ మధ్యాహ్నం గోడ పట్టుకుని పెరట్లోకి పోయాను. అత్తమ్మ తిరగలి దగ్గర కూర్చుని ఉంది. తిరగలిలో గింజలు లేవు. ఉత్తదాన్నే తిప్పుతూ, ఆ చప్పుడు చాటున ఏడుస్తూ ఉంది. నేను వెనక్కి వచ్చి మంచంలో పడుకున్నాను. ఆమె ఆ కుక్కను చంపుకుంటున్నది నాకోసమని అప్పుడు అర్థమైంది. నాకు జ్వరంలో కూడా అంత భయం వెయ్యలేదు.

మరునాడు పొద్దున్నే ఖాసింబీని పిలిచాను. ఖాసింబీ మొగుడికి గూడు బండి ఉంది, వారానికోసారి అంగడికని శామీర్‌పేట పోతారు. అక్కడ చెరువు పక్కన ఒక సలోత్రి సాబ్ ఉంటాడు, ఒకప్పుడు బొల్లారం దండులో గుర్రాలకు, దొరల కుక్కలకు వైద్యం చేసినవాడు. నన్నూ కర్రిగాణ్ణీ ఎక్కించుకోమన్నాను. ఖాసింబీ అత్తమ్మ వైపు చూసింది. అప్పుడు నేనే చెప్పాను, కుక్క ఈ బండెక్కకపోతే ఈ పూట నుంచి గంజి ముట్టనని. అత్తమ్మకు నా సంగతి తెలుసు. అంటే చేస్తాను.

తానూ వస్తానన్నది. కుక్కకోసం కాదు, దారిలో నాకు ఎండ తగలకుండా చూసుకోవడానికట.

బతుకమ్మ రోజులు

బండిలో కర్రిగాడి తల నా ఒళ్ళో, నా తల గొంగడి చుట్ట మీద. దారి పొడుగునా జొన్నచేన్లు మోకాలెత్తు ఉన్నాయి. గట్ల మీద తంగేడు విరగబూసింది. ఎన్నాళ్ళకో ఆకాశం చూశాను. అత్తమ్మ నాకు నీడ పడేటట్టు గొడుగు పట్టింది. ఎండ మళ్ళినకొద్దీ గొడుగు వంచుతూ వచ్చింది. కుక్క మీద కూడా ఆ నీడ పడుతూనే ఉండింది, ఆమె దాన్ని తియ్యలేదు.

సలోత్రి ఇంటిముందు మాకంటే ముందు వచ్చినవి చాలా ఉన్నాయి. కాలు బెణికిన ఎద్దు, కళ్ళకు పొరలొచ్చిన టాంగా గుర్రం, ఒక మేక. మనుషుల దవాఖాన వసారాలో ఎట్లా ఎదురుచూశామో ఇక్కడా అట్లాగే, చప్పుడు లేకుండా, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. గుర్రమతను లేచి నాకు తన గోనెపట్టా పరిచాడు. నీ కుక్కకేమైందమ్మా అని అడగలేదు. నువ్వు గట్లున్నవేందని మాత్రం అడిగాడు.

సలోత్రి సాబ్ తెల్లగడ్డం మనిషి, మాట నెమ్మది. కర్రిగాడి పెదవి ఎత్తి చూశాడు. ఉచ్చ రంగు అడిగాడు. వీడి ఒంట్లో నెత్తురు పలచబడిపోతోందన్నాడు. తర్వాత ఒకటే ప్రశ్న అడిగాడు.

"ఏం తింటడు వీడు? ఉల్లిగడ్డ గిట్ల ఏమన్న పెడుతున్రా?"

అత్తమ్మ ముక్కున వేలేసుకుంది. కుక్కకు ఉల్లిగడ్డ ఎవరు పెడతారు సాబ్, గట్క, సల్ల, అంతే, మా ఇంట్లో వేరేది వెయ్యం అన్నది. ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ అదే చెప్పింది. అబద్ధం ఆడుతున్న ముఖం కాదు అది. నిండు నిజం చెబుతున్న ముఖం. నాకు ఆ వాసన గుర్తొచ్చింది. రెండు నెలలు నేను నోరూరబెట్టుకున్న వాసన.

"అత్తమ్మా, రోజూ పొద్దుగూకంగ వేస్తలేవా? నన్ను రుద్దిన ఉల్లిగడ్డ?"

ఆమె నా వైపు తిరిగింది. నేను తెలివితక్కువ మాట ఏదో అన్నట్టు చూసింది.

"అది తిండి కాదు బిడ్డా. అది దిష్టి."

సలోత్రి సాబ్ నవ్వలేదు, అది నాకు నచ్చింది. ఆయన కర్రిగాడి పొట్ట మీద చెయ్యి పెట్టి, మెల్లగా అన్నాడు.

"నీకు తెలుసమ్మా అది దిష్టి అని. వాని కడుపుకు తెల్వది గద."

బొల్లారంలో ఒక దొర కుక్కలకు వంటవాడు రోజూ ఉల్లిగడ్డల పులుసు మిగిలితే పోసేవాడట, అవి కూడా ఇలాగే చిగుళ్ళు తెల్లబడి పడిపోయాయట. మనిషికి మేలు చేసే ఉల్లిగడ్డ కుక్క నెత్తురును కరిగిస్తుందని చెప్పాడు. పచ్చిదైనా, ఉడికించినా, వేయించినా అదే సంగతి. ఎల్లిగడ్డ కూడా అంతే. నాలుగు రోజులు తిని బాగానే ఉంటే మంచిదనుకుంటాం, లోపల పని జరుగుతూనే ఉంటుంది. పచ్చడి మెతుకులు, ఉప్పు ఎక్కువైన కూర, ఉడికిన కోడి బొక్కలు కూడా వెయ్యొద్దన్నాడు. ఆ బొక్కలు పుల్లల్లా చీలి గొంతులో దిగుతాయట. ఏం పెట్టాలంటే, ఉప్పు లేని పలచని గట్క, వెన్న తీసిన సల్ల, ఉడికిన గుడ్డు, దొరికితే కార్జం ముక్క కొంచెం ఉడికించి, గుమ్మడికాయ మెత్తగా చేసి. అన్నీ ఒక్కసారి కాదు, ఒకటి పట్టాక ఒకటి. ఇదంతా నాకు కొత్త కాదు. నా పథ్యం కూడా అదే పద్ధతి కదా.

బతుకుతాడా అని నేను అడిగాను. ఉల్లిగడ్డ ఆగితే చూద్దామన్నాడు. ఆ మాటలో ధైర్యమెంత ఉందో, భయమూ అంతే ఉంది.

తిరిగి వస్తుంటే శామీర్‌పేట చెరువు నిండుగా ఉంది, గాలికి అలలు కట్టను తడుపుతున్నాయి. అత్తమ్మ, నా వైపు చూడకుండా, ఎన్నడూ చెప్పని మాట చెప్పింది.

"మీ అమ్మకు జ్వరమొచ్చిన్నాడు దిష్టి తియ్యమన్నరు. నేను నవ్విన. గదేం జేస్తదని నవ్విన." గొడుగు ఇంకో చేతికి మార్చుకుంది. "ఇగ వీడు బతికితే, వీడు గుంజుకున్న జ్వరం యాడికి పోవాలె? నువ్వే చెప్పు."

ఉల్లిగడ్డ సంగతి ఆమె విన్నది, ఒప్పుకుంది కూడా. అయినా ఆమెకు రెండూ నిజమే. ఉల్లిగడ్డ వాణ్ణి చంపుతున్నదీ నిజమే, వాడు నన్ను బతికిస్తున్నదీ నిజమే.

ఆ సాయంత్రం దీపాలవేళకు ఆమె ఉల్లిగడ్డ కోసింది. నేను కాళ్ళు చాపాను. రుద్దింది, తరిగింది, వేయించింది. ముద్ద చేసి నాకు దిగదుడిచింది. గడప అవతల కర్రిగాడు ఆ వాసనకు తల ఎత్తాడు. అంత నీరసంలోనూ తోక కొసను ఆడించాడు.

నేను మంచం దిగి, ఆ ముద్ద ఆమె చేతిలోంచి లాక్కుని నోట్లో పెట్టుకున్నాను.

"జ్వరం నాది. నాకాడికే రానీ," అన్నాను, నోరు నిండా పెట్టుకుని.

నిజం చెప్పొద్దూ, అద్భుతంగా ఉంది. రెండు నెలల తర్వాత ఉల్లిగడ్డ వేపుడు! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కుక్క మీద ప్రేమతో ఎంతో, ఆ రుచికి ఎంతో నాకే తెలియదు. అత్తమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఉన్నచోటనే కూలబడి, నెత్తిన చేతులు పెట్టుకుంది.

మరునాడు నాకు కడుపునొప్పి వచ్చింది. రాదా మరి, పుండుపడిన పేగుల్లోకి నూనె ముద్ద పోతే! మళ్ళీ దవాఖాన వసారా, మళ్ళీ ఆ చల్లని బండలు. డాక్టరు నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. జ్వరం మాత్రం లేదన్నాడు. అత్తమ్మ ఆయన మాట నమ్మక, వసారాలో కూర్చున్నంతసేపూ నా మెడ మీద చెయ్యి పెట్టి చూస్తూనే ఉంది. నొప్పి తగ్గింది. జ్వరం రాలేదు. ఆమె నాతో మాట్లాడలేదు, కానీ ఉల్లిగడ్డ కొయ్యడం మానేసింది. ఆమె రోజూ దీపాలవేళ ఊరికే నా కాళ్ళ దగ్గర కూర్చునేది.

కర్రిగాడు మాత్రం లేవలేదు. గట్క పలచగా చేసి పెడితే వాసన చూసి వదిలేశాడు. ఖాసింబీ మేక కార్జం ఆకులో చుట్టి తెచ్చింది. "ఖిలావ్ రాజక్కా, నీ చేత్తోనే పెట్టు, తింటడు," అన్నది. అత్తమ్మ ఉడికించి, వేళ్ళతో చిదిపి పెట్టింది. నాలుక బయటికి రాలేదు. ఆలస్యమైందేమో, ఇంకా ముందే పోవాల్సిందేమో అని నాకు తోచింది. ఆమెకూ అదే తోచి ఉంటుంది.

సద్దుల బతుకమ్మ నాడు వాడంతా ఖాళీ అయింది. ఆడవాళ్ళంతా పూలు పేర్చుకుని పోయారు, మా ఆయన వాకిట్లో కూర్చున్నాడు. నాకు బలం చాలక లోపలే ఉన్నాను. అత్తమ్మ కూడా పోలేదు. దూరంగా చప్పట్లు వినపడుతున్నాయి. దీపం పెట్టే వేళకు వెనక తలుపు దగ్గరికి పోయాను. పెరట్లో కర్రిగాడు పక్కకు పడి ఉన్నాడు. ఊపిరి తీస్తే డొక్క ఎముకలు లేస్తున్నాయి.

అత్తమ్మ వాడి ముందు గొంతుకూర్చుని ఉంది. చేతిలో ముద్ద ఉంది. తెల్లటిది, ఉత్త అన్నం, కొంచెం సల్లతో కలిపింది. పసుపు కూడా లేదు. దాన్ని కర్రిగాడికి దిగదుడిచింది, తల నుంచి తోక వరకూ, నాకు చేసినంత శ్రద్ధగా. తర్వాత లేచి నిలబడి అటూ ఇటూ చూసింది. గోడ అవతల స్టేషను దగ్గర తిరిగే ఎర్రకుక్క ఒకటి నిలబడి ఉంది. దాన్ని చూసింది. చాలాసేపు చూసింది. పిలవలేదు.

మళ్ళీ కూర్చుని, ఆ ముద్ద తానే తిన్నది. మెల్లగా, ఒక్క మెతుకు నేల మీద పడకుండా. తిని, చెయ్యి కడుక్కోకుండానే కర్రిగాడి తల మీద పెట్టి కూర్చుంది. నేను చప్పుడు చెయ్యకుండా లోపలికి వచ్చేశాను.

తెల్లారి నేను లేచేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఒక చేత్తో గొట్టం పట్టుకుని ఊదుతూ, ఇంకో చెయ్యి తిరగేసి తన నుదురు మీద పెట్టుకుని చూసుకుంటోంది. నేను వచ్చింది చూసి చెయ్యి దించింది. చాలా రోజులకు నాతో మాట్లాడింది.

"జర నా ఒళ్ళు సూడు బిడ్డా. కాలుతున్నదా?"

అప్పుడు నాకు తెలిసింది. నేను ఆ ముద్దలో ఏమీ లేదని తెలిసి తిన్నాను. ఆమె, కర్రిగాడికి దిగదుడిచిన ముద్దలో నా జ్వరమంతా ఉందని నమ్మి తిన్నది. ఆమె నుదుటి మీద, మెడ మీద, రెండు చేతులూ పెట్టి చూశాను. పొయ్యి వేడి తప్ప ఇంకేం లేదు.

"లేదు అత్తమ్మా. సల్లగనే ఉన్నవ్."

ఆమె నా చెయ్యి వదల్లేదు. అట్లాగే పట్టుకుని, పెరటివైపు తల తిప్పింది. అక్కడ మూకుడులో సల్ల తాగుతున్న చప్పుడు, ఆగి ఆగి, వినిపిస్తోంది.

కార్తీకం

కర్రిగాడు ఒక్కరోజులో లేవలేదు. ముందు సల్ల నీళ్ళు, తర్వాత గట్క, తర్వాత కార్జం. చిగుళ్ళకు రంగు రావడానికి దీపావళి దాటింది. ఇప్పుడు, ఇంటికి తిరిగొచ్చిన మిషను కిందికి మళ్ళీ చేరాడు, బండి పోతే మళ్ళీ మొరుగుతున్నాడు. నాకూ జుట్టు మొలుస్తోంది, కోడిపిల్ల ఈకల్లా నిలబడి, చూస్తే నాకే నవ్వొస్తోంది.

చూసే ఆమెను మేమేం అనలేదు. దిష్టి తీసుకునేవాళ్ళు తీసుకోండి, నేను కాదనను. ముద్దలో ఏముందో మాత్రం ఒక్కసారి చూసుకోండి, తినే ప్రాణానికి అది తిండే. మా అత్తమ్మ ఇప్పుడు రోజూ పొద్దుగూకంగానే గట్క కలిపే ముందు చెయ్యి కడుక్కుంటుంది. కడుక్కుని, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని, ఉల్లిగడ్డ వాసన లేదని చూసుకుని, అప్పుడు కర్రిగాణ్ణి పిలుస్తుంది.